రెండో ఫిర్యాదు మీద నేను సంతకం పెట్టను

చెన్నై, జాఫర్‌ఖాన్‌పేట, మా వీధి నివాసుల సంఘం అధ్యక్షులవారికి, సెక్రటరీగారికి, సభ్యులందరికీ,

నమస్కారం.

పోయిన ఆదివారం మీటింగులో సెక్రటరీగారు, మన వీధి మూలింటి ఆమె మీద కార్పొరేషన్‌కి పెట్టబోయే రెండో ఫిర్యాదు కాయితం నా చేతికిచ్చి, "మొదటి సంతకం మీదే ఉండాలమ్మా, అసలు కంప్లయింట్ మొదలుపెట్టింది మీరే కదా" అన్నారు. పెన్ను మూత కూడా తీసి ఇచ్చారు. ఇంటికెళ్ళి చదువుకుని ఇస్తానన్నాను. చదివాను. పెట్టను. ఎందుకు పెట్టనో మీటింగులో చెప్పబోతే రెండో మాటకే ఎవరో ఒకరు అందుకుంటారు. అందుకని రాస్తున్నాను.

దీని తమిళ ప్రతి మెట్ల దగ్గర నోటీసుబోర్డుకి అంటించాను. మళ్ళీ తెలుగులో ఎందుకంటే, మన సంఘంలో సగానికి పైగా తెలుగువాళ్ళం, ఆ మూలింటి ఆమె గురించి ఇన్నేళ్ళూ గుసగుసలాడుకున్నదంతా తెలుగులోనే ఆడుకున్నాం.

ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు వద్దంది, తలుపు నంబరు వద్దంది. "మిగతాది రాసుకో, ఎట్టాగూ అందరూ వాకిట్లో నిలబడి చూశారుగా" అంది. మిషను మీద బట్టలు కుట్టిన మనిషి, కాబట్టి వీధి పిల్లలు పిలిచినట్టే నేనూ మిషనక్క అంటాను. డెబ్భై రెండేళ్ళు. మా నెల్లూరు వైపు మనిషే.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నవంబరులో మా మనవడికి డెంగీ వచ్చింది. ఆస్పత్రిలో ఐదు రోజులు. పొద్దున ప్లేట్‌లెట్లు ఒక లెక్క, సాయంత్రానికి ఇంకో లెక్క, మా అమ్మాయి ఆ అంకెలు చూసుకుంటూ తిండి మానేసింది. మూడో రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని నేను కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కి ఫోన్ చేశాను. కార్పొరేషన్ ఆఫీసున్న రిపన్ బిల్డింగు ప్రారంభమైన సంవత్సరమూ 1913నే, కార్పొరేషన్ వాళ్ళు కావాలని ఆ నంబరు పెట్టారో లేదో గానీ గుర్తుపెట్టుకోవడానికి మాత్రం బాగుంది. మూలింట్లో చెత్త పేరుకుపోయింది, పందికొక్కులు తిరుగుతున్నాయి, వాసన, దోమలు అని చెప్పాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ ఫోన్ చేసినందుకు ఇవాళ్టికీ నాకు పశ్చాత్తాపం లేదు. పిల్లాడి చేతికి సెలైన్ ఎక్కుతుంటే ఎవరైనా అదే చేస్తారు.

రెండు రోజులకే దోమల్ని చూసే అమ్మాయి వచ్చింది, చేతిలో టార్చి, భుజాన సంచి. మిషనక్క పెరట్లో పద్నాలుగు డ్రమ్ములుంటే మూడింట్లో లార్వా కనబడింది. ఒలకబోయించింది. అక్కడితో వెళ్ళిపోతుందనుకున్నాం. వచ్చినదాన్ని ఎట్టాగూ వచ్చాను, అన్ని ఇళ్ళూ చూస్తానంది. మన అపార్ట్‌మెంట్ లిఫ్టు గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి, వాటిలోనూ లార్వా. మా ఇంట్లో ఫ్రిజ్ వెనక ట్రే లాగి టార్చి వేసింది. ఆ ట్రే ఉందన్న సంగతే నేను ఫ్రిజ్ కొన్నప్పట్నుంచి మర్చిపోయాను. "చూడండమ్మా" అంది. సన్నగా, మెలికలు తిరుగుతూ ఎన్నో.

ఆ అమ్మాయి చెప్పినంత వివరంగా నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ కుళ్ళిన చెత్తను వెతుక్కోదు, నిలవున్న మంచినీళ్ళను వెతుక్కుంటుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. పగటిపూట కుడుతుంది. నీళ్ళు ఎండిపోయినా గుడ్లు డబ్బా అంచుకి అంటుకుని నెలల తరబడి బతికుంటాయి, మళ్ళీ నీళ్ళు పడగానే లేస్తాయి. అందుకని ఒలకబోస్తే సరిపోదు, అంచుల్ని పీచు పెట్టి రుద్దాలి. మూత ఉన్న డ్రమ్ముతో గొడవే లేదు. గుడ్డపీలికల కుప్పలో ఎలకలు పుడతాయేమో గానీ డెంగీ పుట్టదు.

మా మనవణ్ణి కుట్టిన దోమ ఆమె డ్రమ్ములో పుట్టిందా, మన లిఫ్టు గుంటలోనా, నా ఫ్రిజ్ వెనకా? దాన్ని అడిగి తెలుసుకునే వీలు లేదు. లిఫ్టు గుంట సంగతి మన వాట్సాప్ గ్రూపులో ఎవరూ పెట్టలేదు. నా ట్రే సంగతి నేనూ పెట్టలేదు. మిషనక్క డ్రమ్ముల ఫోటోలు మాత్రం ఆ వారం నలభైకి తక్కువ రాలేదు.

ఆ ఫోటోలు జతచేసి మీరు ఇరవై ఆరు సంతకాలతో పెట్టిన ఫిర్యాదు దగ్గర్నుంచి వ్యవహారం చట్టం దారిలో నడిచింది. నెల్లూరులో ప్లీడరు చేసే మా తమ్ముణ్ణి అడిగాను. 1939లో మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రజారోగ్య చట్టమొకటి చేశారట, దేశంలో అలాంటిది అదే మొదటిదట. తమిళనాడులో ఇప్పటికీ నడుస్తోంది. అప్పుడు నెల్లూరు కూడా ప్రెసిడెన్సీలోదే కాబట్టి మా తాతల చెత్తకీ అదే చట్టం. జనం ఆరోగ్యానికి హాని చేసేలా పోగేసిన చెత్తను న్యూసెన్స్ అంటుంది. దోమలు పుట్టే నీళ్ళ గురించి వేరే చెబుతుంది. అధికారి నోటీసిచ్చి గడువు పెడతాడు, గడువులోగా ఇంటివాళ్ళు తియ్యకపోతే వాళ్ళే తీయించి ఆ ఖర్చు ఇంటివాళ్ళ దగ్గర రాబట్టొచ్చు. శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు అదే పద్ధతిలో వెళ్ళారు, రెండుసార్లు వచ్చి మాట్లాడారు కూడా. నాకు ఆయన మీద ఫిర్యాదు లేదు. నోటీసు గేటుకి అంటించిన రోజు నుంచి బండి వచ్చిన రోజు దాకా, ఆ మధ్య రోజుల్లో, ఎదురింట్లో ఉన్న నేను రోడ్డు దాటి వెళ్ళి ఆమె తలుపు కొట్టలేదు. మీరెవరూ కొట్టలేదు. మనం ఫోటోలు తీసుకుంటూ ఉన్నాం.

మా ఇద్దరికీ ఐదేళ్ళుగా మాటల్లేవు. కొబ్బరి మట్ట ఒకటి ఆమె చెట్టునుంచి మా కారు మీద పడింది, ఆ గొడవ. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, ఆ కారు కూడా అమ్మేశాం.

ఇక బండి వచ్చిన రోజు. డిసెంబరు రెండో వారం, పొద్దున ఎనిమిదిన్నర. ఒక టిప్పరు, ఒక బ్యాటరీ బండి, ఆరుగురు కార్మికులు. సంఘం తరఫున మన నలుగురు పెద్దమనుషులు గేటు దగ్గర నిలబడి, "అంతా ఎత్తెయ్యండి, ఏమీ మిగల్చొద్దు" అని తమిళంలో చెబుతున్నారు. నేను మా బాల్కనీలో ఉన్నాను. మిషనక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్నట్టు.

ఆ ఆరుగురిలో ఇద్దరు ఆడవాళ్ళు లోపలికెళ్ళారు. అప్పుడు వినిపించింది నాకు, మా వీధిలో అంత స్పష్టంగా ఎప్పుడూ వినని తెలుగు. "ఏమ్మా, ఇది ఉండాలా, తీసేసేదా? నువ్వు చెప్పుమా, నువ్వు చెప్తేనే తీస్తాం."

చెన్నైలో వీధులూడ్చేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. తెల్లవాళ్ళ కాలంలో తెలుగు జిల్లాల నుంచి ఈ పనికి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు. పులియాంతోపు, వ్యాసర్‌పాడి, చూళై, ఆ వైపంతా ఉంటారు. 2025 ఆగస్టులో కార్పొరేషన్ రెండు జోన్లలో చెత్తపని ప్రైవేటుకి ఇవ్వొద్దని రిపన్ బిల్డింగు ముందు పదమూడు రోజులు కూర్చున్నారు గుర్తుందా? టీవీలో వాళ్ళ మాట విని, "అరె, మనవాళ్ళే!" అని మన గ్రూపులో ఎంత మురిసిపోయాం. ఆ మనవాళ్ళు మన వీధికి వచ్చిన రోజు ఇన్‌స్పెక్టరుగారికి పింగాణీ కప్పులో కాఫీ ఇచ్చి, వాళ్ళకి గేటు బయట పేపరు గ్లాసుల్లో టీ ఇచ్చాం. ఇది ఎవరి ఆలోచన అని అడగను. ఆ పేపరు గ్లాసుల ప్యాకెట్టు మా ఇంటినుంచే వెళ్ళింది.

బావిలో పూడిక తీసినట్టు పైది ముందు, లోపలిది తర్వాత బయటికొచ్చింది. నేను కిందికి దిగాను. ఎందుకు దిగానో తెలియదు, కాళ్ళు ఆగలేదు.

పైన పాల కవర్లు. ఆవిన్ కవర్లు కడిగి, ఆరబెట్టి, యాభై చొప్పున రబ్బరుబ్యాండు వేసి పేర్చి ఉన్నాయి. తర్వాత అట్టపెట్టెలు, మందుల ఖాళీ స్ట్రిప్పులు. వాటి వెనక గోడకి ఒక మేకు, మేకుకి నీలం రంగు గుడ్డసంచి, మూతి ముడి వేసి. పని చేస్తున్నామె దాన్ని ముట్టుకోగానే మిషనక్క మొదటిసారి లేచి నిలబడింది. 2020లో ఆమె భర్త కరోనాతో ఆస్పత్రికి వెళ్ళినప్పుడు పట్టుకెళ్ళిన సంచి. సంచి తిరిగొచ్చింది, ఆయన రాలేదు. ముడి ఇంతవరకూ విప్పలేదు. పనామె దాన్ని మేకుకే వదిలేసింది. మన పెద్దమనుషుల్లో ఒకరు బయటినుంచి "అది కూడా, అది కూడా" అన్నారు. "అది చెత్త కాదు సార్" అని ఆమె తమిళంలో చెప్పి లోపలికెళ్ళింది.

ఇంకా లోపలికి వెళితే డ్రమ్ములు, బిందెలు. ఇవి 2019వి. ఆ జూన్ ఎవరు మరిచిపోతారు? ఊరికి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాకం చెరువులు నాలుగూ అడుగంటాయి. పూండికి మా నెల్లూరు వైపు కండలేరు జలాశయం నుంచి కృష్ణ నీళ్ళొస్తాయని గొప్పలు పోయే నేను ఆ యేడు నోరు మూసుకున్నాను. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు, రైలుకి 25 లక్షల లీటర్లు. అయినా మన వీధికి లారీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అర్ధరాత్రి లారీ హారన్ వినబడితే రంగురంగుల బిందెలేసుకుని పరిగెత్తాం. మన అపార్ట్‌మెంటుకి డబ్బులు పెట్టి ట్యాంకరు తెప్పించుకునే శక్తి ఉంది. ఒంటింటి ముసలివాళ్ళిద్దరికి? దొరికిన ప్రతి డ్రమ్మూ కొన్నారు. తర్వాత వానలు పడ్డాయి, చెరువులు నిండాయి, మనం బిందెలు అటకెక్కించాం. ఆమె ఎక్కించలేదు. ఏడుగురు సంసారానికి సరిపోయే నీళ్ళు ఒక్కతి పట్టి పెట్టుకుంటూనే ఉంది.

అన్నిటికన్నా అడుగున, ముందుగదిలో, రెండు కుట్టుమిషన్లు. తుప్పు. వాటి చుట్టూ గుడ్డలు, బురద ఎండిన వాసన ఇంకా పోని గుడ్డలు. 2015 డిసెంబరు ఒకటో తారీఖు రాత్రివి.

ఆ రాత్రి చెంబరంబాకం నుంచి 29 వేల క్యూసెక్కులు అడయారు నదిలోకి వదిలారు. కాశీ థియేటరు వంతెన అవతలా ఇవతలా ఉన్న మనకి అంకెలు తర్వాత తెలిశాయి, నీళ్ళు ముందొచ్చాయి. మనం మొదటి అంతస్తులోకి వెళ్ళి కూర్చున్నాం. అపార్ట్‌మెంట్లకి ఆ సుఖం ఉంది. మిషనక్క, ఆమె భర్త మన మెట్ల మీదే రెండు రాత్రులున్నారు. నీళ్ళు తీశాక చూస్తే కుట్టడానికి వచ్చిన బట్టలన్నీ బురదే. ఫాల్ వెయ్యడానికిచ్చిన పట్టుచీరలు పదకొండు. వరదకి ఎవరేం చేస్తారని ఎవరైనా అనుకుంటారు కదా. ఆమె అనుకోలేదు. పదకొండు చీరలకీ రెండేళ్ళపాటు నెలనెలా కొంత కొంత కట్టింది.

అందులో ఒక చీర నాది. నాలుగు వేలు తీసుకున్నాను. "వద్దులే అక్కా" అని ఒకసారి అన్నాను, ఆమె చెయ్యి చాచే ఉంచింది, తీసుకున్నాను. ఈ సంగతి మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు, ఇప్పుడు తెలుస్తుంది.

ఆ రోజు తర్వాత ఆమె ఏదీ పారెయ్యలేదు. ఏ గుడ్డముక్క ఎవరిదో, ఎవరు వచ్చి అడుగుతారో! కొలతల పుస్తకాలు కూడా దాచింది, ముప్ఫై ఏళ్ళవి. ఈ వీధిలో పెళ్ళయిన ప్రతి ఆడపిల్ల జాకెట్టు కొలతా వాటిలో ఉంది. వాటిని మాత్రం ఆ రోజు ఎవరూ ఆమెను అడగలేదు. అట్టపెట్టెలో ఉన్నాయి, పెట్టె చూసి మనవాళ్ళలో ఒకరు తామే ఎత్తి టిప్పరులో పడేశారు, పని తొందరగా అవుతుందని. ఆమె అరిచింది. పనామె టిప్పరెక్కి వెతికితే ఒక్క పుస్తకం దొరికింది. మిగతావి పెరుంగుడి డంపుయార్డుకి పోయాయి. దొరికిన దాన్లో మా అమ్మాయి పెళ్ళి జాకెట్టు కొలతలున్నాయి: చెస్టు, నడుము, చెయ్యి పొడవు, పక్కన పెన్సిల్‌తో "తొందర లేదు, ముహూర్తం 21న" అని. నేను చెప్పిన మాటే, నా మాట ఆమె రాసుకుంది.

ఇంకో సంగతి ఉంది, ఇది మీకు తెలుసు కానీ మీటింగులో ఎత్తరు.

ఇంటి పక్క సందులో, ఆమె కాంపౌండు గోడ లోపల, మోకాలెత్తు సంచుల కుప్ప. కుళ్ళిన వాసన వచ్చింది అక్కడినుంచి. మన ఫిర్యాదులో "భరించలేని దుర్గంధం" అని రాసింది దాని గురించే. పనివాళ్ళు సంచులు విప్పి తడి, పొడి వేరు చేస్తుంటే వాటిలో కొరియరు కవర్లు వచ్చాయి. ఆన్‌లైన్‌లో కొన్న సామాన్ల మీద పేరూ, ఫ్లాటు నంబరూ అచ్చేసి ఉంటాయి కదా. పనామె ఒక్కోటీ తీసి గోడ మీద వరసగా పెట్టింది, ఏమీ అనకుండా. రెండో అంతస్తు, మూడో అంతస్తు, ఎదురు బిల్డింగు. మాది కూడా ఉంది. మిక్సీ జారు వచ్చిన అట్ట.

మా పనమ్మాయి వేసి ఉంటుంది అనబోయాను. పొద్దున చెత్త తీసుకెళ్ళే బ్యాటరీ బండి ఏడున్నరకి వస్తుంది, ఆ అమ్మాయిని తొమ్మిదికి రమ్మన్నది నేనే. తొమ్మిదింటికి ఆ చెత్త ఎక్కడికి పోతోందని ఎప్పుడైనా అడిగానా? మనం నెలనెలా డబ్బులు వేసుకుని పెట్టించుకున్న సీసీ కెమెరా ఆ సందు వైపే చూస్తుంది. సెక్రటరీగారు ఒక వారం రికార్డింగు వేసి చూపిస్తే సరిపోతుంది. రెండుసార్లు అడిగాను, కెమెరా పని చెయ్యడం లేదన్నారు. మిషనక్క డ్రమ్ముల ఫోటోల్లో మూడు ఆ కెమెరావే.

వీధి చివర ఖాళీ స్థలం గురించి ఎక్కువ రాయను. పూర్తి గ్రౌండు, అంటే 2400 చదరపు అడుగులు, ఓనరు అమెరికాలో. ఇళ్ళు పగలగొట్టిన రాళ్ళూ, టైల్సూ అందరం అక్కడే పోశాం, అక్టోబరు నుంచి జనవరి దాకా నీళ్ళు నిలుస్తాయి. వినాయక చవితికి ఆయన పదివేలు పంపిస్తారు. ఆ స్థలం మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

ఇప్పుడు మీ రెండో కాయితానికి వస్తాను. టిప్పరు వెళ్ళిన మూడు వారాలకే గేటు లోపల మళ్ళీ నాలుగు కట్టలు చేరాయని, కాబట్టి ఇల్లు సీలు చెయ్యాలని, ఆమెకు మతి స్థిమితం లేదు కాబట్టి ఏదైనా హోముకి పంపాలని, కువైట్‌లో ఉన్న కొడుక్కి చెప్పి ఇల్లు అమ్మించే ఏర్పాటు చేయించాలని రాశారు. మూడోది చదివి నవ్వొచ్చింది. కార్పొరేషన్ వాళ్ళు ఇళ్ళ బేరాలు కూడా కుదురుస్తారా? అది అర గ్రౌండు, మూల స్థలం, రెండు వైపులా రోడ్డు. అలాంటి స్థలం కోసం తిరిగేవాళ్ళు ఎవరో, పోయిన నెల సంఘం డిన్నరుకి ఎవరు డబ్బిచ్చారో నాకు తెలుసు. పేరు రాయను.

మతి స్థిమితం సంగతి. పారెయ్యలేక పోగేసుకోవడం ఒక జబ్బు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఇప్పుడుంది, అమెరికా మానసిక వైద్యులు 2013లోనే దాన్ని విడిగా గుర్తించారు. మిషనక్కకి అది ఉందా లేదా? చెప్పడానికి నేను డాక్టర్ని కాను, సెక్రటరీగారూ కారు. మా తమ్ముడు ఇంకో చట్టం చెప్పాడు, మానసిక ఆరోగ్యం మీద 2017లో వచ్చింది. చుట్టూ ఉన్న సమాజం పద్ధతులకీ విలువలకీ సరిపోవడం లేదనే కారణంతో ఎవరికీ మానసిక రోగమని ముద్ర వెయ్యకూడదని దాన్లో ఉందట. మన కాయితంలో రాసింది సరిగ్గా అదే. జబ్బే అయితే వైద్యానికి ఈ ఊళ్ళో కొదవ లేదు. కీల్పాకంలో ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ 1794లో మొదలైంది. మానసిక ఆరోగ్య సలహాల నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు. ఆ నంబరు ఆమెకు రాసిచ్చాను. చేస్తుందో లేదో ఆమె ఇష్టం.

మళ్ళీ నాలుగు కట్టలు ఎందుకు చేరాయని నేనే అడిగాను. "ఇల్లు బోసిగా ఉంటే నిద్ర పట్టడంలా" అంది. ఇలాంటి ఇళ్ళని బలవంతంగా ఒక్కరోజులో ఖాళీ చేస్తే మనిషి ఇంకా బెంగపడి మళ్ళీ నింపుకుంటారని ఈ జబ్బు చూసే డాక్టర్లు చెప్పే మాట కూడా ఇదే.

అప్పట్నుంచి రోజూ నాలుగింటికి ఆమె ఇంటికి వెళ్తున్నాను. రోజుకి ఒక్క బుట్ట. బుట్టలో ఏం పెట్టాలో ఆమే చెబుతుంది, నేను ఎత్తుతాను. కొన్ని రోజులు బుట్ట సగమే నిండుతుంది. ఒకరోజు ఏమీ వెయ్యలేదు, ఇద్దరం కూర్చుని పాత కబుర్లు చెప్పుకుని వచ్చేశాను. పద్నాలుగు డ్రమ్ముల్లో పది పాతసామాన్ల కొట్టుకి ఇచ్చేసింది, ఉంచుకున్న నాలుగింటికీ మూతలు కొన్నాం. మిగిలిన పాల కవర్లకి 340 రూపాయలొచ్చాయి, చీటీ రాయించుకుని మరీ తీసుకుంది. గుడ్డపీలికలు రెండు బస్తాలు బైకు మెకానిక్కు తీసుకెళ్ళాడు, చేతులు తుడుచుకోవడానికి. పందికొక్కుల కన్నాలకి సిమెంటు పెట్టించాం. ఒక మిషనుకి నూనె పట్టిస్తే చక్రం తిరుగుతోంది. రెండోది తిరగదు, అయినా ఉంచుతానంటోంది. ఉంచుకోనీ.

మేమిద్దరం వెళ్ళి ఇన్‌స్పెక్టరుగారిని గడువు అడిగాం. దోమల సంగతి వెంటనే, ఎలకల సంగతి నెలలో, మిగతాది మెల్లగా అని కాయితం మీద రాయించుకున్నాం. ఆయనకి అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా మనకే.

కాబట్టి నేను అడిగేది ఇది. రెండో ఫిర్యాదు ఆపండి. మొదటి దాన్లో నా పేరు అట్టాగే ఉండనివ్వండి, ఆ రోజుకి అది నిజం. లిఫ్టు గుంటలో నీళ్ళు ఈ వారం తోడించండి, ఆ ఖర్చులో నా వాటా ఈ లేఖతోపాటు కవరులో పెట్టాను. సందు వైపు గోడ మీద ఎవరూ ఏమీ విసరకుండా చూడండి, విసిరితే కవరు మీద నంబరు చూసి వాళ్ళింటి గుమ్మంలో పెట్టే పని నేను చేస్తాను. మాది దొరికితే మా గుమ్మంలో పెట్టండి.

మీటింగు చివర్లో ఎవరో సరదాగా అన్నారు, "భోగి వస్తోందిగా, ఆవిడ సామానంతా మంటలో వేద్దాం" అని. అందరూ నవ్వారు, నేనూ పెదవి కదిపాను. పాతది భోగిమంటలో వెయ్యడం మన ఆచారమే, ఎవరి పాతది వాళ్ళు వేసుకోవాలి. పైగా ఈ ఊళ్ళో భోగినాడు టైర్లూ ప్లాస్టిక్కూ కాల్చవద్దని ప్రతి యేడూ మొత్తుకుంటారు. 2018 భోగినాడు పొగా మంచూ కలిసి విమానాలు దిగలేకపోయాయి. ఆమె ఇంట్లో ఉన్నదంతా ప్లాస్టిక్కూ నైలానూనే.

దానికి బదులు భోగికి ముందొచ్చే శనివారం పొద్దున ఎనిమిదింటికి రండి. పాత పరుపులు, సోఫాలు, బట్టలు శనివారాల్లో ఇంటికొచ్చి ఉచితంగా తీసుకెళ్ళే ఏర్పాటు కార్పొరేషన్ 2025 అక్టోబరులో మొదలుపెట్టింది, 1913కే ఫోన్ చేసి రాయించాను. మీ ఇళ్ళల్లో అటక మీదున్నవి కూడా తెచ్చి వేసుకోవచ్చు, నా దగ్గరే రెండు పరుపులున్నాయి. మిషనక్క మూడు అట్టపెట్టెలు, ఒక చాప, ఒక విరిగిన మంచం ఇస్తానంది. అంతకన్నా ఎక్కువ అడగొద్దు. నీలం సంచి ఉన్న గదిలోకి వెళ్ళొద్దు.

బండితో వచ్చేవాళ్ళకీ, మీకూ కాఫీ నేనే పెడతాను. మా ఇంట్లో స్టీలు గ్లాసులు ఇరవై నాలుగున్నాయి, చాలకపోతే మిషనక్క దగ్గర ఇంకో పన్నెండు. పేపరు గ్లాసులు తెప్పించకండి.

ఇట్లు,
ఎదురింటి మొదటి అంతస్తు